నకలు చేయుట చట్టరీత్యా నేరము

డిగ్రీ సర్టిఫికెట్ కోసం కాలేజీకి వచ్చిన లక్ష్మీతులసి, బస్సుకి ఇంకా టైముందని అమలాపురం గడియార స్తంభం దగ్గర మురళీమోహన్ సీడీల షాపు ముందు ఆగింది. అద్దాల వెనక కొత్త సీడీ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మీద కొబ్బరిచెట్ల మధ్య కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతున్న ఫొటో. ఆ ఫొటో తీసింది తనే. కిందటి ఎండాకాలం, అంటే 2006లో, వాళ్ళ ఊరు ఉప్పలగుప్తంలో జరిగిన టోర్నమెంటులో తీసింది.

లోపలికి వెళ్ళి ఒక పెట్టె చేతిలోకి తీసుకుంది. పైన ఎర్రటి అక్షరాల్లో ‘కోనసీమ క్రికెట్’ అని ఉంది. కింద ‘తయారీ: కిషోర్, లక్ష్మీతులసి’. వెల తొంభై తొమ్మిది రూపాయలు. తిప్పి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో ఇంకో మాట: ‘దీనిని నకలు చేయుట చట్టరీత్యా నేరము.’

“బాగా వెళ్తోందమ్మా అది. తీసుకోండి, మళ్ళీ దొరకదు” అన్నాడు మురళీమోహన్ కౌంటర్ వెనకనుంచి.

“ఈ లక్ష్మీతులసి నేనేనండి.”

అతని మొహం విప్పారింది. “అయ్యో, ముందే చెప్పొద్దా? కూర్చోండమ్మా. కిషోర్ చెప్పేడు మీ గురించి. రెండోది కూడా చేస్తున్నారంట కదా?”

“దీన్ని అమ్ముతున్నట్టు నాకు తెలీదండి. నన్నెవరూ అడగలేదు.”

“కిషోర్ సంతకం పెట్టేడు కదమ్మా. మీ ఇద్దరిదీ ఒకటే మాట అనుకున్నాను. పైగా మీ పేరు కూడా వేయించేను కదా.” ఏదో మేలు చేసినట్టే అన్నాడు.

తులసి పెట్టె కౌంటర్ మీద పెట్టేసింది. ఉప్పలగుప్తం బస్సు ఎక్కాల్సిన మనిషి కొత్తపేట బస్సెక్కింది. కిషోర్ ఇల్లు అక్కడే.

అసలు ఆ ఆట వాళ్ళిద్దరిదీ కాదు. ఎక్కడో విదేశంలో ఒక కంపెనీ తయారుచేసిన క్రికెట్ ఆట. కోనసీమలో ఏ నెట్ సెంటర్‌కి వెళ్ళినా కంప్యూటర్లలో అదే ఉండేది. అందులో వ్యాఖ్యానమంతా ఇంగ్లీషు, మైదానాలన్నీ పరాయి దేశాలవి. ఆ ఆటని ఇష్టపడేవాళ్ళు దేశదేశాల్లో దానికి తమ సొంత మార్పులు చేసి, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చని ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టేసేవాళ్ళు. ఆ మార్పుల్ని ప్యాచ్ అనేవాళ్ళు. ఒకరు కొత్త జెర్సీలు తొడిగితే, ఇంకొకరు కొత్త స్టేడియం కట్టేవారు.

తులసి వాళ్ళ నాన్న గంగయ్య సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఆడపిల్లవి గ్రౌండులో నీకేం పని అంటాడని, స్కోరు రాస్తాననే వంకతో ఆమె చిన్నప్పటినుంచీ ప్రతి టోర్నమెంటుకీ వెళ్ళేది. కాలేజీలో చేరాక ఈ ఆట చూసింది. ఇంగ్లీషు గొంతు స్థానంలో తెలుగు గొంతు పెడితే ఎలా ఉంటుందని, కంప్యూటర్ సొంతంగా ఉన్న క్లాస్‌మేట్ కిషోర్‌ని అడిగింది. అలా మొదలైంది.

ఆటలోని శబ్దాల ఫైళ్ళు విప్పడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. దాన్ని ఎవరో దక్షిణాఫ్రికా ఆయన రాసి ఉచితంగా పెట్టాడు. దాంతోపాటు ఒక చిన్న షరతు కూడా: దీనితో చేసింది ఏదీ అమ్మకూడదు. తులసి ఆయనకి ఈమెయిల్ రాసింది, మేము అమ్మం అని. ‘నాకు మీ భాష రాదు. అయినా పూర్తయ్యాక పంపండి, వింటాను’ అని జవాబిచ్చాడు.

ఇక గొంతు ఎవరిదో ఆలోచించే పనే లేదు. అంబాజీపేటలో ఉండే నరసింహమూర్తి గారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఆటల పోటీలు జరిగినా మైకు ఆయనదే. బంతి బౌండరీ దాటితే జనం బంతిని కాకుండా ఆయన ఏమంటారా అని మైకు వైపు చూసేవాళ్ళు.

తులసి వెళ్ళి అడిగినప్పుడు ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

“ఇది అమ్ముతారామ్మా?” అన్నారు.

“లేదండి. ఎవరైనా ఊరికే కాపీ చేసుకోవచ్చండి.”

“ఎప్పటికీ అమ్మరు కదా?”

“ఎప్పటికీ అమ్మమండి. ఇది నా మాట.”

అలా అంత పట్టి అడగడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక చిట్‌ఫండ్ వాళ్ళు వచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పమని ఆయన గొంతు క్యాసెట్‌లో పట్టుకెళ్ళారు. దాన్ని ఆటోలో పెట్టి ఊరూరా తిప్పారు. మాస్టారే చెబుతున్నారు కదా అని జనం డబ్బు కట్టారు. చిట్‌ఫండ్ బోర్డు తిప్పేసింది. పోగొట్టుకున్నవాళ్ళు మాస్టారి ఇంటికొచ్చి వీధిలో నిలబడి అడిగారు. ఆయన భార్య రాజ్యం ఆ రోజుల్ని ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటినుంచీ ఆయన ఆటలకి తప్ప దేనికీ మైకు పట్టలేదు, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

ఆ ఎండాకాలమంతా తులసి చేతిలో ఇమిడే రికార్డర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. వీధిలో కొబ్బరికాయల లారీలు లోడవుతూ ఉంటే రికార్డింగు చెడిపోయేది. అందుకని కరెంటు పోయే వేళకి వెళ్ళేది. ఫ్యాన్ల చప్పుడు ఉండదు, మోటార్ల మోత ఉండదు, రికార్డర్‌కి సెల్స్ ఉంటే చాలు. మాస్టారు చెమటలు కక్కుకుంటూ కళ్ళు మూసుకుని చెప్పేవారు: “లాగి కొట్టేడండీ... బంతి తోటలోకెళ్ళిపోయిందండీ. కుర్రాళ్ళూ, చూసుకుని దిగండి, తోటలో పాములుంటాయి.” రాజ్యం గుమ్మంలో కూర్చుని విసనకర్ర విసురుతూ నవ్వాపుకునేది, ఆ నవ్వు టేపులో పడుతుందని. జనం కేకలు ఉప్పలగుప్తం టోర్నమెంటులో పట్టుకున్నారు. అంబాజీపేటలో నెట్ సెంటర్ నడిపే అంజిబాబు అందరికంటే గట్టిగా అరిచాడు.

ఆ గొంతుల్ని ముక్కలు ముక్కలుగా కోసి ఆటలో అతికించింది కిషోర్. అది మాత్రం నిజం. పూర్తయ్యాక అంజిబాబు సెంటర్‌లో పెట్టారు. కావలసినవాళ్ళు ఖాళీ సీడీ తెచ్చుకుని రాసుకెళ్ళారు. ముమ్మిడివరం నుంచి రాజోలు దాకా పాకింది.

తులసి కొత్తపేట వెళ్ళేసరికి కిషోర్ మేడమీద గదిలో కంప్యూటర్ ముందు ఉన్నాడు.

“ఎవర్నడిగి అమ్మేవు?” అంది గుమ్మంలోంచే.

“కూర్చో, చెప్తాను.”

“నిలబడే వింటాను.”

కిషోర్ కుర్చీ ఇటు తిప్పాడు. “ఏడాదిపాటు కళ్ళు పోయేలా కూర్చున్నాను తులసీ. సీడీ రాసిచ్చినందుకే షాపులవాళ్ళు డబ్బులు తీసుకుంటున్నారు. రాసినోడికి వస్తాయి, చేసినోడికి రావు. నేనడగడం తప్పా?”

“నీ కష్టానికి నువ్వడిగితే తప్పని నేననను.”

“మరింకేంటి?”

“ఇందులో నీ కష్టం ఒక్కటే ఉంటే అమ్ముకో. మాస్టారి గొంతు నువ్వు కష్టపడి చేసేవా? ఆ కేకలన్నీ నువ్వరిచేవా? సాఫ్ట్‌వేర్ రాసినాయన అమ్మొద్దన్నాడు. ఆ ముక్క చదివి వినిపించింది నీకే కదా?”

“ఆయనిక్కడికొచ్చి చూస్తాడా?”

“చూడ్డని తెలుసు కాబట్టే అమ్మేవు.”

కిషోర్ కుర్చీ కొంచెం ముందుకి లాక్కున్నాడు. తరవాత గొంతు తగ్గించి, “మాస్టారికి వాటా ఇద్దాం. నీకూ ఇస్తాను. నీ పేరు ముందుండాలంటే ముందే వేయిస్తాను” అన్నాడు.

తులసికి ఒళ్ళు మండిపోయింది. “ఆయన వాటా అడగలేదు. మాట అడిగేరు. ఆ మాట ఇచ్చింది నేను. నువ్వు నా మాటని తీసికెళ్ళి షాపులో పెట్టి అమ్మేవు.”

“చాలా చెప్తున్నావు గానీ” అని కిషోర్ లేచాడు. “అసలు ఆట మన దగ్గరకెలా వచ్చింది? కొనుక్కున్నామా? అంజిబాబు దగ్గర కాపీ కొట్టుకున్నదే. ఆ కంపెనీవాళ్ళది కష్టం కాదా? అప్పుడేమైంది నీ కోపం?”

ఆ మాట సూటిగా తగిలింది. తులసి కిటికీలోంచి బయటికి చూసింది. ఏడాదిగా ఎప్పుడూ ఆ సంగతి ఆలోచించలేదని అప్పుడే తెలిసింది.

“అది తప్పే” అంది చివరికి. “కానీ అలా కాపీ కొట్టి తెచ్చుకున్నవాళ్ళం, దానిమీద నకలు చేయుట నేరమని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?”

“అది నేను రాయలేదు. మురళీమోహన్ గారు వేయించేరు.”

“కాయితం మీద సంతకం నీది.”

కిషోర్ వాళ్ళమ్మ కిందనుంచి కాఫీకి పిలుస్తూ ఉంది. తులసి ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారికి తనే ముందు చెప్పాలని అంబాజీపేట వెళ్ళింది. ఆలస్యమైపోయింది. మాస్టారు వరండాలో పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. రాజ్యం గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ ‘రామ్మా, మజ్జిగ తాగు’ అనే మనిషి, తలుపు పట్టుకుని నిలబడింది.

“ఎంతకమ్మేరమ్మా మా ఆయన గొంతు?” అంది.

“నేను అమ్మలేదండి పిన్నిగారూ.”

“సీడీ మీద నీ పేరుంది. కూరల కొట్టు దగ్గర ఒకాయన నవ్వుతూ అడిగేడు, మాస్టారు మళ్ళీ మొదలెట్టేరా అని. ఆ చిట్లలో పోగొట్టుకున్నాయనే. చేతిలో సంచి అక్కడే పెట్టేసి వచ్చేసేను. ఆ మాట ఈయనతో చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోయినా ఈయనకి తెలిసిపోయింది.”

తులసి జరిగిందంతా చెప్పింది. మాస్టారు పేపరు దించలేదు. అంతా విన్నాక, “నువ్వు అమ్మలేదని నమ్ముతున్నానమ్మా” అన్నారు. పేపరు పేజీ తిప్పారు. తిట్టినా బాగుండేదనిపించింది తులసికి.

ఆ వారంలోనే అంజిబాబు ఫోన్ చేశాడు. “తులసిగారూ, ఒకసారి రండి. పోలీసుల్ని తీసుకొచ్చేరు.”

తులసి వెళ్ళేసరికి నెట్ సెంటర్‌లో కుర్రాళ్ళందరూ బయటికొచ్చేసి నిలబడి ఉన్నారు. లోపల మురళీమోహన్, ఒక హెడ్ కానిస్టేబుల్, చేతులు కట్టుకుని అంజిబాబు.

“మా సీడీ ఇక్కడ ఊరికే కాపీ చేసిచ్చేస్తున్నాడండి. నా వ్యాపారం పోతోంది” అంటున్నాడు మురళీమోహన్. కిషోర్ సంతకం చేసిన కాగితం, సీడీ పెట్టె రెండూ బల్ల మీద పెట్టాడు.

హెడ్ కానిస్టేబుల్ తీరిగ్గా కుర్చీలో కూర్చున్నాడు. “అసలిదేంటో చూపించవయ్యా ముందు.”

అంజిబాబు ఆట పెట్టి, స్పీకర్లు పెంచాడు. రెండో బంతికే బ్యాట్ తగిలి బంతి గాల్లోకి లేచింది. “లాగి కొట్టేడండీ...” అని గొంతు వినిపించగానే హెడ్ కానిస్టేబుల్ కుర్చీలో సర్దుకున్నాడు.

“ఇది మా డ్రిల్లు మాస్టారి గొంతు కదా? నేను చదువుకున్నది ఆయన దగ్గరే. ఎండలో నిలబెట్టి చంపేసేవారు.”

“ఆయ్, ఆయనేనండి” అన్నాడు అంజిబాబు. “ఆ వెనక ఈల వేసి అరుస్తోంది నేనండి. నా అరుపు నేను కాపీ చేసుకుంటే నేరమంటున్నారండి ఈయన.”

బయట కుర్రాళ్ళు నవ్వారు. హెడ్ కానిస్టేబుల్ మురళీమోహన్ వైపు తిరిగాడు. “ఇందులో మీదేంటండి?”

“నేను కొన్నానండి. కాయితముంది.”

“మాస్టారు సంతకం పెట్టేరా?”

“లేదండి. కిషోర్ పెట్టేడు.”

“ఈ అమ్మాయి?”

“నేను పెట్టలేదండి” అంది తులసి. “అమ్మొద్దనే చెప్తున్నాను. నా పేరు నన్నడక్కుండా వేసేరు. కేసు రాసుకోండి.”

హెడ్ కానిస్టేబుల్ పెట్టె అటూ ఇటూ తిప్పి చూశాడు. “సరే. అసలు ఈ ఆట ఎవరిది? బిల్లు ఎవరి దగ్గరుంది?”

స్పీకర్లలో మాస్టారు, ఫీల్డింగు బాగుందని ఎవరినో మెచ్చుకుంటున్నారు.

“నేను కాయితం మీద పెన్ను పెట్టేనంటే మీ ముగ్గుర్నీ కలిపి రాయాలి” అని ఆయన లేచాడు. “మీలో మీరు మాట్లాడుకోండి. ఆ మాస్టారి పేరు మాత్రం స్టేషన్ దాకా తేవద్దు.”

ఆయన వెళ్ళాక మురళీమోహన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీరు ఊరికే ఇవ్వడం మానితే నేను ఊరికే ఉంటాను” అన్నాడు, తనే తగ్గుతున్నట్టు.

“మీరు అమ్మడం మానండి ముందు” అంది తులసి.

“డబ్బు పెట్టి కొట్టించేనమ్మా సీడీలు. ఎలా మానతాను?” అని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

తులసి ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్ళింది. పోలీసు ఏమన్నాడో చెప్పి, “మనం ఊరికే ఇచ్చే ఆట మొదట్లో మీ గొంతుతోనే ఒక ముక్క పెడదామండి. ఇది అమ్మడానికి కాదు, డబ్బులిచ్చి కొనకండని. అందరికీ తెలుస్తుంది” అంది. బస్సులో వస్తూ అల్లుకున్న ఆలోచన అది. ఆయన ఒప్పుకుంటారనే నమ్మకంతో రికార్డర్ కూడా తెచ్చుకుంది.

మాస్టారు తల అడ్డంగా తిప్పారు. “ఒద్దమ్మా. తీసెయ్యి.”

“దేన్నండి?”

“నా గొంతు. మొత్తం తీసెయ్యి.”

“మాస్టారూ, అమ్మింది వాళ్ళు. మనది తీసెయ్యడమేంటండి?”

“నువ్వు చెప్పింది న్యాయమేనమ్మా. కానీ ఒక చోట అమ్ముడుపోయి, ఇంకో చోట ఊరికే అని అరుస్తూ కూర్చుంటే వినేవాళ్ళకేం తెలుస్తుంది? రెండిట్లోనూ నేనే. ఎవరికని చెప్పుకోను? నీ చేతిలో ఉన్నదాంట్లో తీసెయ్యి. అది నువ్వు చెయ్యగలవు.”

“పిన్నిగారూ, మీరైనా చెప్పండి.”

రాజ్యం దీపం వత్తి సరిచేస్తూ, “ఆయన గొంతు, ఆయనిష్టం” అంది. అప్పటికి ఆమెకి తులసి మీద కోపం పోయింది గానీ, జరిగినదాని మీద కోపం పోలేదు.

తులసి తీసేసింది. అంజిబాబు సెంటర్‌లో కూర్చుని ఒక్కొక్క ఫైలూ చెరిపింది. ఒక ఎండాకాలం శ్రమ చెరిపేయడానికి ఒక పూట కూడా పట్టలేదు. చేతిలో ఉన్న రికార్డింగులన్నీ ఒక సీడీలో రాసి, మాస్టారికి ఇచ్చేసి వచ్చింది. ఉచితంగా ఇచ్చే ఆటలో ఇంక జనం కేకలే మిగిలాయి. బంతి తోటలోకి వెళ్ళినా చెప్పే నాథుడు లేడు.

కుర్రాళ్ళు రెండు రోజులు ఆడి, “ఇందులో మాస్టారు లేరేంటండి?” అని అంజిబాబుని అడిగారు. కారణం చెబితే విన్నారు, అయ్యో అన్నారు. తరవాత అమలాపురం వెళ్ళి డబ్బులిచ్చి మురళీమోహన్ సీడీ కొనుక్కున్నారు. నెల తిరక్కుండా ఆ పెట్టెల మీద కొత్త చీటీ అంటించి ఉంది: ‘మాస్టారి గొంతు ఇందులో మాత్రమే.’

ఆ చీటీ చూసి తులసి షాపు ముందు రోడ్డు మీదే నిలబడిపోయింది. మాట నిలబెట్టుకున్నవాళ్ళ ఆట మూగబోయింది. మాట తప్పినవాళ్ళది పలుకుతోంది. పైగా ఆ మూగతనాన్ని కూడా వాళ్ళే అమ్ముకుంటున్నారు. లోపలికెళ్ళి ఆ పెట్టెలన్నీ రోడ్డు మీదకి లాగి పారేయాలనిపించింది. వెళ్ళి, చేతికందినన్ని పెట్టెల మీద చీటీ పీకేసింది. మురళీమోహన్ అరుస్తూనే ఉన్నాడు. “పోలీసుల్ని పిలవండి, మళ్ళీ మాట్లాడుకుందాం” అంటూ పీకుతూనే ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళు చూస్తూ నిలబడ్డారు గానీ ఎవరూ అడ్డు రాలేదు.

ఆ మరుసటి వారం కిషోర్ అంబాజీపేట వచ్చాడు. తులసి అప్పటికి అంజిబాబు సెంటర్‌లో కంప్యూటర్ నేర్పే పనిలో చేరింది. కిషోర్ చాలాసేపు గుమ్మం దగ్గర నిలబడి, “ఆ చీటీ నేను వేయించలేదు” అన్నాడు.

“ఏదీ నువ్వు వేయించలేదు. అన్నీ ఆయనే వేయించేరు.”

“మానెయ్యమని చెప్పేను తులసీ. డబ్బులు తిరిగిచ్చేస్తానన్నాను. కాయితం చూపిస్తున్నాడు. నేను సంతకం పెట్టిన కాయితం నాకే చూపిస్తున్నాడు.” అతని కళ్ళ కింద నల్లబడి ఉంది. “నేనేమనుకున్నానంటే, చిన్న విషయం, ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను.”

“మాస్టారి దగ్గరికి వెళ్ళేవా?”

“ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

“ఆగస్టు పదిహేనుకి స్కూల్లో ఆటల పోటీలకి మైకు పట్టమంటే కూడా ఆయన రానన్నారు. నువ్వెళ్ళి ఆయన ముందు కూర్చుని చెప్పాల్సింది చెప్పు. ఆ తరవాత నా దగ్గరికి రా. ముందు రాకు.”

కిషోర్ తల ఊపి వెళ్ళాడు. వీధి చివర ఎడమకి తిరిగితే మాస్టారి ఇల్లు. అతను కుడివైపుకి, బస్టాండు వైపు తిరగడం తులసి కిటికీలోంచి చూసింది. జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆటని అలా మూగగా వదిలేయడానికి మాత్రం ఆమెకి మనసు రాలేదు. దక్షిణాఫ్రికా ఆయనకి జరిగిందంతా దాచకుండా రాసింది. ఆయన షరతు తప్పింది తమ చేతుల మీదుగానే అని రాసింది. తరవాత ఒక మధ్యాహ్నం కరెంటు పోగానే, కుర్రాళ్ళందర్నీ బయటికి పంపి, షట్టర్ సగం దించమని అంజిబాబుకి చెప్పి, రికార్డర్ తన నోటి దగ్గర పెట్టుకుంది.

“మీరా చెప్పేది?” అన్నాడు అంజిబాబు. “అమ్మాయి గొంతు క్రికెట్‌కి కుదురుతుందంటారా?”

“పదేళ్ళు స్కోరు రాసేను. కుదురుతుంది.”

ఫోర్లకీ సిక్సులకీ చెప్పింది. వర్షానికి చెప్పింది. వికెట్లు పడే దగ్గరికి వచ్చేసరికి గొంతు తనకి తెలియకుండానే పెరిగింది. “క్లీన్ బౌల్డండి. ఇంక బ్యాటు పట్టుకుని బయటికి నడవండి. చూస్తారేంటి, నడవండి.”

అంజిబాబు మొహమాటంగా దగ్గాడు. “కొంచెం కోపం తగ్గిస్తే బాగుంటుందేమోనండి. అవుటైనోణ్ణి నిలబెట్టి తిట్టినట్టుంది.”

తులసి రికార్డర్ వెనక్కి తిప్పి తన గొంతు తనే విన్నది.

“ఉండనీండి” అంది. “తరవాతది రనౌట్ కదా? కానివ్వండి.”